ఆదివారం పనికి రామన్నవారు



క్రైస్తవ విశ్వాసం విశ్వాసి నడవడిని ఎలా దిద్దుతుందన్నది మనం ఈ సదస్సులో చర్చించబోయే విషయం. వేదాంత గ్రంథాల్లో దీనికి జవాబులు చాలా ఉన్నాయి. నేను మాత్రం గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మీద నిలబడి మాట్లాడతాను. ఇక్కడ క్రైస్తవం వేళ్లూనింది పాలేర్లలో, చెప్పులు కుట్టేవాళ్లలో, ఊరికి వెట్టి చేసిన జనంలో. వాళ్ల విశ్వాసం ఎంత గట్టిదో తెలుసుకోవాలంటే వాళ్లు ఏ పాటలు పాడారో చూస్తే చాలదు. ఊరి పెద్ద ముందు నిలబడి ఏ పని చేయం అన్నారో చూడాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

1866లో మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరేనాటికి అక్కడ సంఘం లేదు. అంతకు పన్నెండేళ్ల ముందు, 1854 కొత్త సంవత్సరం తెల్లవారుజామున, మిషనరీ లైమన్ జూయెట్ కొద్దిమందితో కొండెక్కి చేసిన ప్రార్థన ఒకటి ఉంది. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే అంటున్నాం. క్లౌ వచ్చిన ఏడాదే కనిగిరి వైపు తాళ్లకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. అంతకుముందే యోగమార్గంలో తిరిగి, ఒక స్త్రీని గురువుగా ఎంచుకుని, విగ్రహారాధన మీద మనసు విరిగిన అన్వేషి. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ వివరాలన్నీ ఉన్నాయి. మిషనరీ రాకముందు మాదిగపల్లెలో ఆలోచనే లేదన్నట్టు రాసేవాళ్లు పేరయ్య కథను ఒకసారి శ్రద్ధగా చదవాలి. సత్యం కోసం ఊళ్లు పట్టుకుని తిరిగిన మనిషికి కొత్త మార్గం దొరికింది, అతను దాన్ని తన వాళ్ల మధ్యకు మోసుకెళ్లాడు. పల్లెల్లో సువార్త నడిచింది ఇలాంటివాళ్ల కాళ్ల మీదే.

చేరిన వాళ్లకు మొదట్లో చెప్పిన కట్టుబాట్లు మూడే మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి బడిపిల్లలకు చెప్పే నియమాల్లా ఉంటాయి. ఆనాటి ఊరి లెక్కల్లో పెట్టి చూస్తే ఒక్కొక్కటీ ఒక్కో తిరుగుబాటు.

మాదిగ అంటే ఊరికి చెప్పులు, పగ్గాలు, మోటబావికి తోలుబాన సమకూర్చేవాడు. బదులుగా కల్లం మీద మేర కొలిచేవారు. కబురొస్తే రాత్రయినా వెళ్లాలి, పశువు చస్తే ఈడ్చాలి, జాతరొస్తే డప్పు కొట్టాలి. ఆ బతుకులో ఆదివారమనే రోజే లేదు. అలాంటి మనిషి కోతల రోజుల్లో రైతు ముందు నిలబడి, ఏడు రోజుల్లో ఒకరోజు నాది, ఆరోజు నేను రాను అన్నాడంటే, తన కాలం మీద తనకు హక్కుందని మొదటిసారి ప్రకటించుకున్నాడన్నమాట. బొంబాయి మిల్లు కార్మికులకు నారాయణ్ మేఘాజీ లోఖండే పోరాటంతో ఆదివారం సెలవు దక్కింది 1890లో. ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెలు అంతకు ఇరవై ఏళ్ల ముందే ఆ మాట అనేశాయి. వాళ్లకు యూనియన్ లేదు, పత్రిక లేదు, చట్టం లేదు. నాలుగో ఆజ్ఞ ఉంది.

దానికి మూల్యం కూడా వాళ్లే చెల్లించారు. మేర ఆగిపోయింది. అంగట్లో సరుకు అమ్మొద్దని కట్టడి చేశారు. దొంగతనం అంటగట్టి కచేరీకి ఈడ్చారు. డప్పు కొట్టం అన్నందుకు దెబ్బలు తిన్నారు. కొందరు వెనక్కి పోయారు. పోనివాళ్లలో ఏర్పడిన గుణాన్ని మనం శీలం అంటున్నాం. అది ఒక్క ప్రసంగంతో రాలేదు, వారం తర్వాత వారం అదే మాట మీద నిలబడితే వచ్చింది.

మిషన్ వైపూ ఒక పరీక్ష జరిగింది. ఒంగోలు బడిలో చదువుతున్న పై కులాల పిల్లలు, మాదిగలను చేర్చుకుంటే మేం ఉండమన్నారు. క్లౌ దంపతులు చెరో గదిలో ప్రార్థిస్తూ బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, దేవుడు లోకంలో నీచులైనవారిని ఏర్పరచుకున్నాడన్న భాగమే కనబడిందని క్లౌ రాసుకున్నాడు. బడి ఖాళీ అయినా సరే, మాదిగలను వదులుకోలేదు. పెద్ద కులాల వాళ్లు వస్తే మతానికి గౌరవం వస్తుందని లెక్కలు వేసుకునే ఈనాటి పెద్దలు కొందరికి ఈ సంగతి గుర్తుచేయాల్సి వస్తోంది.

తర్వాత 1876లో ధాత కరువు వచ్చింది. జనం గుంపులుగా చచ్చిపోతుంటే క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, రాజుపాలెం దగ్గర శిబిరం వేయించాడు. ఉపదేశులే మేస్త్రీలయ్యారు. తట్టలు దించి కూర్చున్న వేళ కూలీలతో మాట్లాడారు. వేలమంది చేరతామన్నారు. కూటి కోసం చేరుతున్నారేమోనన్న శంకతో క్లౌ పదిహేను నెలలపాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు పని ముగిసింది, ఇవ్వడానికి డబ్బు లేదు, కూలి లేదు. అప్పుడూ జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా దిగి, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ సంఖ్యను మన ఉత్సవాల్లో చాలాసార్లు విన్నాం. నన్ను ఎక్కువగా కదిలించేది ముందటి పదిహేను నెలలు. ఆకలిని అడ్డం పెట్టుకుని మనిషిని కొనకూడదన్న ఆ నిగ్రహాన్ని బియ్యం మతమార్పిడి అని ఎగతాళి చేసేవాళ్లూ తెలుసుకోవాలి. కానుకలు ఎరవేసి సభ్యులను లాక్కునే మనవాళ్లూ తెలుసుకోవాలి.

బలవంతంగా శీలం నేర్పబోతే ఏమవుతుందో కూడా ఈ జిల్లాల్లోనే చూశాం. బాపట్ల దగ్గర స్టూవర్ట్‌పురంలో, నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో స్థిరపరిచారు. హాజరు పట్టీ, పని, ప్రార్థన, మూడూ ఒకే కంచె లోపల జరిగాయి. అక్కడ సేవచేసినవాళ్లలో త్యాగమూర్తులు ఉన్నారు, చదువుకుని పైకొచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. అయినా పుట్టుకతోనే దొంగ అని ముద్రవేసిన చట్టానికి చర్చి కాపలా కాయడం తప్పు. తాళ్లకొండపాడులో మనిషి తనంతట తాను ఆదివారం ఎంచుకున్నాడు. స్టూవర్ట్‌పురంలో ఆదివారం కూడా హాజరులో భాగమైంది.

మరో నష్టం సంగతీ చెప్పాలి. విగ్రహాలతోపాటు డప్పునూ వదిలేయమన్నాం. వెట్టిగా కొట్టే డప్పును మానడం న్యాయమే. కానీ దానితో తరతరాల తాళజ్ఞానం, చిందు, కథ కూడా సంఘం గడప బయటే ఉండిపోయాయి. దళిత ఉద్యమం వచ్చాక గాని అదే డప్పు తలెత్తుకుని తిరిగి రాలేదు.

సాహిత్యంలోకి వస్తే, వినుకొండలో క్రైస్తవ ఇంట పుట్టిన గుర్రం జాషువా మన ముందున్నాడు. 1941 నాటి గబ్బిలం కావ్యంలో తన బాధను కాశీ విశ్వనాథుడికి నివేదించుకున్నాడు, తర్వాత క్రీస్తు చరిత్ర రాశాడు. పురాణ కథలు రాస్తాడని సొంత మతం వాళ్లే ఆయన్ని తప్పుపట్టారు. కులం చూసి పండితులు దూరం పెట్టారు. రెండువైపులా దెబ్బలు తింటూ కూడా ఆయన పద్యంలో కరుణ ఎండిపోలేదు. విశ్వాసి వ్యక్తిత్వానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ తెలుగులో నాకు కనబడదు. 2000లో వచ్చిన జి. కళ్యాణరావు నవల అంటరాని వసంతంలో కరువు, కాలువ తవ్వకం, మతంలోకి వచ్చిన తొలితరం, అన్నీ రూతు అనే పాత్ర జ్ఞాపకంగా సాగుతాయి. రచయిత కమ్యూనిస్టు దృష్టితో రాసినా, ఆ తొలితరం విశ్వాసుల ఆత్మగౌరవాన్ని మన చర్చి చరిత్రలకంటే బాగా పట్టుకున్నాడని నా తీర్పు.

కారంచేడు, 1985 జూలై 17. చుండూరు, 1991 ఆగస్టు 6. ఆ రోజుల్లో ఈ రెండు ఊళ్లలో దళితులను చంపారు. చనిపోయినవాళ్లలో, మిగిలినవాళ్లలో ఎంతోమంది ఆదివారం గుడికి వెళ్లే జనం. చుండూరు వాళ్లు తమ ఎనిమిదిమందిని ఊరి నడుమ సమాధి చేశారు. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కావాలని పట్టుబట్టి సాధించారు. 2007లో తీర్పు వచ్చేదాకా పదహారేళ్లు సాక్ష్యం మీద నిలబడ్డారు. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసినా వాళ్ల నిలకడ విలువ తగ్గలేదు. ప్రతీకారం మాని, భయపడకుండా సాక్ష్యం చెప్పడం కూడా పల్లె సంఘాల్లో తరాల తరబడి అలవడిన నడవడేనని నేను నమ్ముతున్నాను.

ఇక ఇవాళ్టి మాట. మిరప కల్లాల్లో కాటాకు ముందు కాయ మీద నీళ్లు చల్లడం తెలియని రైతు లేడు. బరువు పెరుగుతుంది, నాలుగు రోజుల్లో టిక్కీలో బూజు పడుతుంది. తాలు కాయను అడుగున పెట్టి, మంచి కాయను మచ్చు చూపించడమూ ఉంది. ఈ పని చేయని విశ్వాసులు నాకు తెలుసు, యార్డులో వాళ్ల సరుకును విప్పి చూడకుండా కొంటారు. చేసేవాళ్లూ తెలుసు, వాళ్లు ఆదివారం సాక్ష్యం చెబుతారు. పొయ్యి మీద అన్నం ఎక్కించేముందు గుప్పెడు బియ్యం దేవుడి పేరిట తీసి పక్కనపెట్టే కూలితల్లి ముందు వీళ్లు తలదించుకోవాలి. ఆ గుప్పెళ్లతోనే పల్లెల్లో గుడులు లేచాయి.

కట్నం విషయంలో మనం ఊరికి భిన్నంగా లేము. పెళ్లి సంబంధం దగ్గర మాల, మాదిగ, రెడ్డి, కమ్మ అన్న మాట రాని సంఘం ఎక్కడుందో చూపించండి. ఫిరంగిపురం మొదలు ఒంగోలు దాకా ఒకే రొట్టె విరిచి తినేవాళ్లం, వియ్యానికి మాత్రం వేరైపోతున్నాం. చర్చి రిజిస్టరులో ఒక పేరు, బడి రికార్డులో మరో పేరు పెట్టుకునే కుటుంబాలను నేను నిందించను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవుడిని షెడ్యూల్డు కులాల జాబితా బయట నిలబెట్టింది. ఆ అబద్ధంలో పెద్ద వాటా ఆ ఉత్తర్వుదే. దాన్ని మార్చమని అడగడం మన బాధ్యత.

పరిశోధక మిత్రులకు నా విన్నపం ఇది. ఆదివారం పనికి రామన్న మొదటి తరం మనవలు, మనవరాళ్లు ఇంకా మన పల్లెల్లో ఉన్నారు. తొంభై దాటినవాళ్లు రోజుకొకరు వెళ్లిపోతున్నారు. సంఘాల పెట్టెల్లో పాత బాప్తిస్మ రిజిస్టర్లు, పెద్దల సభ తీర్మానాల పుస్తకాలు చెదలు పడుతున్నాయి. ఈ ఏడాది ప్రతి ఒక్కరూ ఒక్క పల్లె ఎంచుకోండి. ఆ పుస్తకాలకు నకలు తీయండి, ఆ ముసలివాళ్ల మాటలు రికార్డు చేయండి. వచ్చే సదస్సుకు వ్యాసాలతోపాటు వాటినీ తీసుకురండి.