స్కాలర్‌షిప్ ఆగిపోయే చోట
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో "పెద్దయ్యాక ఏమవుతారు?" అని మేము అడిగితే డాక్టరు, ఇంజనీరు తప్ప మూడో మాట అరుదుగా వినబడుతుంది. పోయిన ఏడాది తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఎదురు ప్రశ్న వేసింది: "నల్లగొండలో నీళ్లు తాగి ఎముకలు వంగిపోయాయంటారు కదా, తప్పు నీళ్లదేనని ఎవరు కనిపెట్టారు?" మేము వెంటనే చెప్పలేకపోయాం. ఇంటికెళ్లి చదివి మర్నాడు చెప్పాం.

తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోని ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్యులు రాశారు. 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు నల్లగొండ పిల్లల మోకాళ్లు ఎందుకు వంకర పోతున్నాయో పరిశీలించారు. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. గాలి, నీరు, తిండి ద్వారా ఒంట్లోకి ఏ విషం చేరుతోంది, ఎంతైతే హాని అని తేల్చే ఈ చదువే ఎన్విరాన్‌మెంటల్ టాక్సికాలజీ.

దీనికి లక్నోలో జాతీయ పరిశోధనా కేంద్రం ఉంది. 1965లో దాన్ని నిలబెట్టినవారు ప్రొఫెసర్ సిబ్తె హసన్ జైదీ. దుమ్ము పీల్చి పాడయ్యే ఊపిరితిత్తుల మీద పనిచేసిన శాస్త్రజ్ఞుడు. ఆ పేరు మన ఇళ్లలో ఎందరికి తెలుసు? మాకూ ఆ అమ్మాయి అడిగాకే తెలిసింది.

దారి కష్టమే కాని తెలియనిది కాదు. బీఎస్సీ, ఆపైన బయోకెమిస్ట్రీలోనో టాక్సికాలజీలోనో ఎమ్మెస్సీ, తర్వాత నెట్ పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్ వచ్చి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000 రూపాయలు. ఇక తండ్రి మీద భారం ఉండదు. ఇబ్బందంతా దానికి ముందే. మన సాయం డిగ్రీతో ఆగిపోతుంది. ఎమ్మెస్సీ రెండేళ్లు, నెట్‌కు చదివే ఒక ఏడాది, ఆ మూడేళ్లకు ఆసరా లేదు. మా పూర్వ విద్యార్థిని ఒకతె హాస్టల్ ఫీజు కట్టలేక ఎమ్మెస్సీ సీటు వదులుకుంది. ఇప్పుడు ట్యూషన్లు చెబుతోంది. అది చిన్న పనని కాదు, మేమూ టీచర్లమే. కాని ఆమె కోరుకున్నది అది కాదు.

అందుకే దాతలను అడుగుతున్నాం: నోటు పుస్తకాలు పంచుతూనే, ఏటా ఒక్క విద్యార్థికి ఆ మూడేళ్ల ఖర్చు భరించండి. వచ్చే సావనీరులో ఫోటో వేసుకునేంత త్వరగా ఫలితం రాదు. నెట్ మొదటిసారి తప్పవచ్చు కూడా. అప్పుడు సాయం ఆపకండి.

ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. డిగ్రీ చేతికి రావడానికి ఇంకా ఆరేళ్లు. అప్పటికి ఈ నిధి నిలబడి ఉండాలి.