చేతిలోని గ్రంథాలయము

 

గత కొన్ని వారములుగా ప్రసంగము ముగిసిన పిమ్మట పలువురు నా వద్దకు వచ్చి ఇంచుమించు ఒకే ప్రశ్న అడుగుచున్నారు. "అమెరికాలో ఉన్న మా అబ్బాయి పుస్తకములు చదువుకొనే యంత్రము పంపెదనంటున్నాడు, తీసుకొనవచ్చునా?" అని ఒకరు. "సెల్‌ఫోను ఉండగా మరొకటి ఎందుకండీ?" అని వేరొకరు. "శుక్లములు తీయించుకొన్నను సన్న అక్షరములు ఆనుట లేదు నాయనా, భాగవతము మూతపెట్టి ఆరు నెలలైనది" అని ఒక తల్లి. ఈ చివరి మాట విన్న తరువాత ఈ విషయమును వివరముగా చెప్పవలెనని నిశ్చయించుకొన్నాను. ఏండ్ల తరబడి దినమునకొక ఘట్టము చదువుకొన్న మనిషికి కన్ను సహకరింపక చదువు ఆగిపోవుట సామాన్యమైన కష్టమా? వేళకు అన్నము లేకుండుట వంటిదే గదా!

ఈ-రీడరు అనగా చదువుటకు మాత్రమే చేసిన పలక. దాని తెర సెల్‌ఫోను తెర వంటిది కాదు. సెల్‌ఫోను తెర తానే వెలిగి ఆ వెలుగును మన కంటిలోనికి పంపును. ఈ పలక తెర కాగితము వలె, తనపై పడిన వెలుతురును తిరిగి పంపును. అది ఎట్లనగా, ఆ తెరలో వెంట్రుక మందమున్న గుళికలు లక్షల సంఖ్యలో ఉండును. ఒక్కొక్క గుళికలో పలుచని ద్రవము, అందులో తెల్లని రేణువులు, నల్లని రేణువులు. వాని విద్యుదావేశములు పరస్పర విరుద్ధములు. తెర వెనుక విద్యుత్తును ఒక విధముగా మార్చినచో తెలుపు పైకి తేలును, మరొక విధముగా మార్చినచో నలుపు తేలును. అక్షరము ఒకసారి ఏర్పడిన పిమ్మట దానిని నిలిపి ఉంచుటకు విద్యుత్తు అక్కరలేదు. పుట తిప్పినప్పుడే ఖర్చు. అందుచేతనే ఒకమారు ఛార్జి చేసినచో వారముల తరబడి వచ్చును. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మొలకెత్తిన ఈ ఆలోచన 1997లో ఈ-ఇంక్ అను సంస్థ అయినది. సోనీ వారు 2004లో జపానులోను, అమెజాన్ వారు 2007 నవంబరులో కిండిల్ పేరుతో అమెరికాలోను ఇట్టి పలకలను విక్రయమునకు తెచ్చిరి. 2012 నుండి తెర అంచున చిన్న దీపములు అమర్చుచున్నారు. ఆ దీపముల కాంతి పుటపై పడునే గాని నేరుగా కంటిలో గుచ్చదు. 2022లో వచ్చిన చిన్న కిండిల్ బరువు 158 గ్రాములు. పెద్ద సంపుటమును ఒడిలో పెట్టుకొని కూర్చొనలేని వారికి ఈ బరువు ఎంత ఉపకారమో వేరుగా చెప్పనక్కరలేదు.

సెల్‌ఫోను ఉండగా ఇది ఎందుకని గదా ప్రశ్న. ఈ పలక గొప్పతనము అది చేయు పనులలో లేదు, చేయలేని పనులలో ఉన్నది. సెల్‌ఫోనులో గజేంద్రమోక్షము చదువుచున్నారనుకొనండి. మకరి కాలు పట్టుకొన్నది. ఇంతలో పైనుండి ఒక చీటీ దిగును: ఎవరో క్రికెట్టులో ఔటైనాడట. దానిని తోసివేసిన వెంటనే పూలగుత్తితో ఒక శుభోదయము. (ఆ శుభోదయముల వలన ఎవరి ఉదయము శుభమైనదో పరిశోధింపవలసియున్నది.) మరల గజేంద్రుని వద్దకు వచ్చుసరికి మనస్సు మడుగులో లేదు, మార్కెట్టులో ఉన్నది. పుస్తకమును నడిబజారులో పీట వేసుకొని చదువుట వంటిది ఇది. సామాన్యమైన ఈ-రీడరుకు ఈ గోల లేదు. పుట తిరుగుటకు అరక్షణము పట్టునని, వేగము లేదని కుర్రవారు దానిని ఆక్షేపింతురు. చదువునకు ఆ పాటి నిదానము మేలే చేయునని నా అభిప్రాయము. అయితే ఆండ్రాయిడ్‌పై నడచు రీడర్లు కొన్ని కలవు. వానిలో సెల్‌ఫోనులోని అప్లికేషన్లన్నియు ఎక్కించుకొనవచ్చును. తెలిసిన వారికి అవి బాగుగా ఉపయోగపడును. పెద్దల కొరకు కొనువారు మాత్రము ఎంత తక్కువ పనులు చేయు దానిని ఎన్నుకొనిన అంత మంచిది.

ఇక తెలుగు సంగతి. ఇక్కడనే మనవారు ఎక్కువగా మోసపోవుచున్నారు. 2016 డిసెంబరులో కిండిల్ అంగడిలో భారతీయ భాషా పుస్తకములను ప్రవేశపెట్టినప్పుడు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను ఐదు భాషలకు చోటు దొరికినది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. కనుక ఇంగ్లీషు పుస్తకములు చక్కగా కనబడినవి గదా అని తెలుగు కూడ కనబడునని అనుకొనరాదు. మన అక్షరమునకు గుణింతము కలదు, క్రింద వత్తు కలదు, వత్తు క్రింద మరొక వత్తు కలదు. వీనిని కూర్చు నేర్పు యంత్రమునకు లేనిచో అక్షరము విరిగి, హల్లు ఒకచోట, పొల్లు ఒకచోట పడియుండును. కొనుటకు ముందు 'స్త్రీ', 'లక్ష్మి', 'వాఙ్మయము', 'రాష్ట్రము' అను నాలుగు మాటలున్న తెలుగు పుస్తకమును ఆ పలకలో తెరిపించి చూడుడు. నాలుగును ముక్కలు కాకుండ కనబడినచో బేరమాడుడు. లేనిచో ఎంత చవుకైనను వద్దు.

రెండవ చిక్కు పుస్తకముల రూపములో ఉన్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారు పాత తెలుగు గ్రంథములను వేల సంఖ్యలో భద్రపరచి మహోపకారము చేసినారు. కాని అవి పుటల ఛాయాచిత్రములు. ఆరంగుళముల తెరపై ఆ పుట చీమల బారు వలె కనబడును. పెద్దది చేసితిమా, పంక్తి తెర దాటిపోవును. ప్రతి పంక్తికి పుటను ఇటు అటు జరుపుకొనుచు చదువుట ఎవరి తరము? అట్టి గ్రంథములే ముఖ్యమైనచో పది అంగుళముల పలక కావలెను. అట్లుకాక తెలుగు వికీసోర్సు వంటి చోట్ల అక్షరము అక్షరముగా ఎక్కించిన పుస్తకములున్నవి. వానిని ఈపబ్ అను రూపములో ఉచితముగా దింపుకొనవచ్చును. అక్షరము ఎంత పెంచినను పంక్తి తనంతట తాను సర్దుకొనును. పైన చెప్పిన తల్లి భాగవతమును మరల తెరువవలెనన్నచో ఆమెకు కావలసినది ఇట్టి పుస్తకమే. అను ఫాంట్లలో అచ్చునకు సిద్ధపరచిన పాత ఫైళ్లు ఎవరి వద్దనైనా ఉన్నచో అవి నేరుగా పనికిరావు. యూనికోడ్‌లోనికి మార్పించి, అచ్చుతప్పులు దిద్దించిన తరువాతనే పలకలో ఎక్కించవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. డబ్బు ఇచ్చి దింపుకొన్న పుస్తకము మనదేనా?

2009 జులైలో అమెజాన్ వారు అమ్మినవారికి హక్కు లేదని తెలిసి, జార్జి ఆర్వెల్ వ్రాసిన రెండు నవలలను పాఠకుల కిండిళ్ల నుండి దూరముననుండియే తుడిచివేసిరి. డబ్బు తిరిగి ఇచ్చిరి, తరువాత క్షమాపణయు చెప్పిరి. మన ఇంట బీరువాలోని పుస్తకమును రాత్రివేళ వచ్చి తీసికొనిపోయి, గడపపై రూకలు పెట్టి పోయినట్లున్నది గదా! 2019లో మైక్రోసాఫ్ట్ వారు తమ పుస్తకముల అంగడి మూసివేసినప్పుడు కొన్న పుస్తకములన్నియు తెరుచుకొనుట మానినవి. అక్కడను డబ్బు వాపసు వచ్చినది. పుస్తకములో గుర్తులు, వ్యాఖ్యలు వ్రాసుకొన్న వారికి అదనముగా 25 డాలర్లు జమచేసిరి. ఒక్కమారు ఆలోచింపుడు. మీ తాతగారు తన రామాయణమునందు అంచుల వెంట పెన్సిలుతో వ్రాసుకొన్న మాటలకు ఎవరైన 25 డాలర్లు ఇచ్చి తుడిచివేయుటకు వచ్చినచో ఒప్పుకొందురా? 2025 ఫిబ్రవరిలో, కొన్న కిండిల్ పుస్తకమును కంప్యూటరులోనికి దింపి దాచుకొను సదుపాయమును కూడ అమెజాన్ వారు తీసివేసిరి. అదే సంవత్సరము జనవరి 1 నుండి కాలిఫోర్నియాలో ఒక శాసనము అమలులోనికి వచ్చినది: అట్టి సరుకును అమ్మువారు ఇది కొనుగోలు కాదు, వాడుకొనుటకు ఇచ్చు అనుమతి మాత్రమే అని ముందుగా స్పష్టముగా చెప్పవలెను. చెప్పవలెనని శాసనము చేయవలసి వచ్చినదనగా, అంతవరకు ఎందరు తెలియక కొనిరో ఊహించుకొనవచ్చును.

అన్నమాచార్యుల వారి కీర్తనలను ఆయన కుమారుడు, మనుమడు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని భాండాగారమున ఉంచిరి. అవి సుమారు నాలుగు శతాబ్దములు చీకటిలో ఉన్నవి. ఇరువదవ శతాబ్దిలో బయటికి వచ్చినప్పుడు, వేటూరి ప్రభాకర శాస్త్రి వంటి పండితులు వానిని పరిష్కరింప కూర్చొన్నప్పుడు, రేకుపై అక్షరమును తెరుచుటకు సంకేతపదము అడిగినవారు లేరు. చెక్కించిన కంపెనీ ఇంకను నడచుచున్నదా అని విచారింపవలసిన పని లేదు. తెలుగు వచ్చిన కన్ను చాలినది.

దీని వలన ఈ యంత్రము వద్దని నేననుట లేదు. వార్తలకు, నవలలకు, ఒకమారు చదివి విడుచు పుస్తకములకు ఆ అనుమతి చాలును. పది పుస్తకముల చోటు ఇంట మిగులును, అదియు లాభమే. దినదినము చదువుకొను గ్రంథము మాత్రము తాళము లేని రూపములో ఉండవలెను. దాని ప్రతిని పలకలో ఒకటి, ఇంటి కంప్యూటరులో ఒకటి, మరొక ఊరిలోని బిడ్డ వద్ద ఒకటి ఉంచుకొనుడు. అచ్చు ప్రతిని ఎవరికిని ఇచ్చివేయవలదు. పలక ఎవరి పేరిట నమోదైనదో కూడ చూచుకొనుడు. డల్లాసులోని కుమారుడు తన ఖాతాతోనే తండ్రికి పలక సిద్ధపరచి పంపును. బాగున్నది. మూడేండ్ల తరువాత ఆ ఖాతా మారినచో తండ్రి కొన్న పుస్తకములు ఏ దేశమున, ఎవరి పేర ఉండునో చెప్పువారుండరు. తండ్రి పేరిట, తండ్రికి తెలిసిన సంకేతపదముతో, అది ఇంట ఒక కాగితముపై వ్రాసి ఉండునట్లు ఏర్పాటు చేయుట కుమారునికి అరగంట పని.

పారాయణకు పలక వాడవచ్చునా అని కూడ అడిగినారు. నాకు అభ్యంతరము కనబడదు. వ్యాసపీఠముపై పుస్తకము ఉన్నట్లే దానిని ఉంచుకొనుడు. కూర్చొనుటకు ముందు వై-ఫై ఆపివేయుడు. సెల్‌ఫోను వేరొక గదిలో ఉండవలెను. ఆ గదిలో అది మ్రోగినను లేవకుండుట మొదటి వారము కష్టము, తరువాత అలవాటగును.

మరొక్క మాట. ఇందులో వేల పుస్తకములు పట్టునని ఇచ్చినవారు చెప్పుదురు. పట్టును గాక! మొదటి నెల నాలుగింటికి మించి ఎక్కించవద్దు. అందులో ఒకటి ఇదివరకు పూర్తిగా చదివినది కావలెను. అక్షరము ఎంత పరిమాణములో ఉన్న కన్ను అలయదో, దీపము ఎంత తగ్గింపవలెనో ఆ పాత పుస్తకముతోనే తేల్చుకొనవచ్చును. అయిదవ పుస్తకము సంగతి వచ్చే నెల చూచుకొందురుగాక.