లక్ష రూపాయల కారు

వానకాలపు సాయంకాలములందు మన రహదారులపై నిత్యము కనబడు దృశ్య మొకటి కలదు. ఒకే స్కూటరుపై తండ్రి కూర్చుండి నడపుచుండును. అతని ముందు పెద్దబిడ్డ నిలుచుండును. వెనుక తల్లి చంటిబిడ్డను ఒడిలో నదుముకొని, ఒక ప్రక్కకు కాళ్లు వ్రేలవైచి కూర్చుండును. పైన వాన, క్రింద జారుడు నేల. ఇట్టి సంసారములను చూచియే, సామాన్యుడు కొనదగిన కారొకటి చేయింపవలెనని తనకు తోచినదని కీర్తిశేషులు రతన్ టాటాగారు చెప్పియుండిరి. ఆ సంకల్పమునుండి పుట్టినదే నానో కారు. దాని కథయు, అందు నా పాలికి వచ్చిన తప్పును నేడు విన్నవించెదను.

2008 జనవరి 10వ తేదీన ఢిల్లీలోని మోటారు ప్రదర్శనమున ఆయన ఆ కారును లోకమునకు చూపిరి. పన్నులు మొదలగునవి గాక దాని వెల లక్ష రూపాయలు. అప్పటి కార్లలో చౌకయైనది సైతము సుమారు దానికి రెండింతల వెల పలుకుచుండెను.

ఇంత తక్కువకు ఎట్లు చేయగలిగిరి? పొదుపెరిగిన గృహస్థు ఇల్లు కట్టించు రీతినే. అవసరమగు గోడలు కట్టి, అలంకారములు మానివేసిరి. ఇంజనునకు రెండే సిలిండర్లు. దానిని వెనుక సీటు దాపున నమర్చి, వెనుక చక్రములనే త్రిప్పునట్లు చేసిరి. ముందటి అద్దముపై వానను తుడుచు వైపరు రెండింటికి మారు ఒక్కటియే. ఒక్కొక్క చక్రమును బిగించుటకు మూడేసి మరలే. మొదటి బండ్లకు వెనుక తలుపు తెఱచుట కనువు లేదు. సామానును లోపలినుండియే చేరవేయవలెను. పొడవు మూడు మీటర్లకు కొంచెము మించును. బరువు సుమారు 600 కిలోలు. అయినను కప్పు ఎత్తుగా నుండుటచే నలుగురు పెద్దవారు కూర్చుండుటకు చోటు చాలును. బరువు తక్కువ, ఇంజను చిన్నది యగుటచే, అధికార పరీక్షలలో లీటరు పెట్రోలుకు 23 కిలోమీటర్లకు పైగా నడచెను.

ఇక కార్ఖానా మాట. పశ్చిమ బంగాళమున హుగ్లీ జిల్లాలోని సింగూరున సుమారు వేయి యెకరముల సేద్యపు భూమిని ప్రభుత్వము సేకరించెను. రైతులలో పలువురు పరిహారమునకు సమ్మతించిరి, పలువురు సమ్మతింపరైరి. అలజడి మిక్కుటము కాగా, 2008 అక్టోబరులో టాటావారు ఆ చోటు విడిచి గుజరాతులోని సానందునకు తరలిరి. ఆ సేకరణము చెల్లదనియు, భూములు రైతులకు మరలనీయవలెననియు 2016లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. సామాన్యునికై తలపెట్టిన బండికి సామాన్యుని నేలవద్దనే తొలి యాటంకము కలిగినది.

2009లో అమ్మకము మొదలుకాగా రెండు లక్షలకు పైగా జనులు ముందుగా పేర్లు వ్రాయించుకొనిరి. కాని ఆ యుత్సాహము నిలువలేదు. కొన్ని బండ్లకు నిప్పంటుకొన్నదను వార్త జనులను భయపెట్టెను. 2014లో జరిగిన ఢీకొట్టు పరీక్షలో దానికి ఒక్క నక్షత్రమైనను దక్కలేదు. కావున అది నిర్దోషమైన బండి యని నేననను. కాని అన్నింటికంటె దానికి కీడు చేసినది ఒక మాట. అది “అన్నింటిలో చౌకకారు” అనునది. అట్లు ప్రచారము చేయుట పొరపాటని తరువాత రతన్ టాటాగారే యొప్పుకొనిరి. ఏ యేటను లక్ష బండ్లు అమ్ముడుపోలేదు. 2018లో తయారీ ఆగిపోయెను.

ఆ మాట బలమెంతటిదో నేను మా యింటనే చూచితిని. మా తమ్ముడు పల్లెలో ఉపాధ్యాయుడు. భార్య, ఇద్దరు బిడ్డలు, ఒక మోటారుసైకిలు. “ఒరే, చేతనున్న సొమ్ముతో ఆ చిన్నకారు కొనుము” అని 2010లో నేను చెప్పితిని. వాడు తల వంచుకొని, “అన్నయ్యా, సొమ్మునకు లోటులేదు. కాని దానిలో అత్తవారి యూరికి పోయిన, లక్షరూపాయల కారల్లుడు వచ్చెనని రచ్చబండకడ నవ్వుదురు. అంత మంచిబండియైన మీరేల కొనలేదు?” అనెను.

నేను మారు పలుకలేకపోతిని. అంతకు ముందు సంవత్సరమే నేను అప్పుచేసి పెద్దకారు కొంటిని. నా యింట మేమిద్దరమే. బంధువుల యెదుట చిన్నతనమగునని తప్ప వేరు కారణము లేదు. నాకు లేని ధైర్యమును తమ్మునికి బోధించితిని.

మరుసటి వానకాలమున మా యూరి కల్వర్టుకడ వాని మోటారుసైకిలు జారెను. నలుగురును పడిరి. పెద్దపిల్ల కాలు విరిగెను. ఎముక అతికినది గాని, నేటికిని ఆమె నడకలో కొంచెము వంకర యున్నది. పండుగకు వచ్చి ఆమె నా కాళ్లకు మ్రొక్కునపుడెల్ల నా పెద్దకారు నాకు జ్ఞప్తికి వచ్చును.

అయ్యలారా, నానో పోయినది. దాని యవసరము పోలేదు. నేటికిని స్కూటరుపై నలుగురు పోవుచునే యున్నారు. రేపు మఱొక చిన్నబండి వచ్చును. అది గట్టిదేనా, ప్రాణమునకు రక్షయేనా యని తప్పక యడుగుడు. వెల తక్కువయని మాత్రము నవ్వకుడు. రచ్చబండమీద పెద్దలు నవ్విన నవ్వు ఏ సంసారమును వానలో నిలుపునో చెప్పలేము. పెద్దల నోటి మంచిమాటకు ఖర్చులేదు. దానికంటె చౌకయైనది లోకమున లేదు.