పోయిన పరపతి

హైదరాబాదు నుండి కర్నూలు పోవు రహదారి ప్రక్కన, వనపర్తి జిల్లాలో కొత్తకోట ఉన్నది. పూర్వము అక్కడి అంగడిలో విత్తనములు అప్పిచ్చు షావుకారు మనిషి ముఖము చూచెడివాడు, తండ్రి పేరు అడిగెడివాడు. బాకీ నిలిచిన ఏడు వానలు లేవని ఆయనకును తెలియును. ఆయన వడ్డీని తలచుకొన్నచో ఆ కాలమును మెచ్చుకొనుటకు నోరు రాదు, అది వేరు మాట. నేడు బ్యాంకు చూచునది 300 మొదలు 900 వరకు గల ఒక అంకెను. ఏ నెల వాయిదా తప్పినదో ఆ అంకెకు తెలియును. ఎందుకు తప్పినదో తెలియదు.

ఈ ప్రసంగమునకై మేము కొత్తకోట వెళ్ళినప్పుడు ఒక గృహిణి తన గోడు చెప్పుకొన్నది. భర్త పూణేలో కట్టడపు పనికి పోయి, 2020లో లాక్‌డౌను వలన పని పోగా ఇల్లు చేరినాడు. మోటారుసైకిలు అప్పు వాయిదాలు ఆగినవి. రెండేండ్లకు అప్పిచ్చినవారు కొంత తగ్గించి, మిగిలినది పుచ్చుకొని 'సెటిల్‌మెంటు' చేసినారు. పీడ వదలినదనుకొన్నారు. కుమార్తెకు నర్సింగు సీటు వచ్చి, విద్యా ఋణమునకు తండ్రి కూడ సంతకము చేయబోగా, బ్యాంకువారు ఆయన అంకె చూచి కాగితములు తిరిగి ఇచ్చినారు.

"బండి బాకీకి బిడ్డ సదువు ఆపుతరా, సారూ?" అని ఆమె మమ్ము అడిగినది.

తగ్గింపుతో తీరిన అప్పు పుస్తకములో 'తీరినది' అని పడదు, 'సెటిల్ అయినది' అని పడును. తరువాత అప్పిచ్చువాడు దానిని సగము మాట తప్పినట్లే చదువును. వదలిన మిగులును ఇప్పుడైనను కట్టి, బాకీ లేదను పత్రము పొంది, పద్దును మార్పించుమని అడుగవచ్చును.

మన దేశమున ఈ లెక్కలు ఉంచు సంస్థలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005 నాటి చట్టము వీనికి ఆధారము. ఒక్కొక్క సంస్థ నుండి ఏటేట ఒకసారి పూర్తి నివేదికను ఉచితముగా పొందు హక్కు మనకున్నది. అందులో తప్పు కనబడినచో ఫిర్యాదు చేయవలెను. ముప్పది దినములలో పరిష్కరింపనిచో, 2024 ఏప్రిల్ నుండి అమలులోనున్న నియమము ప్రకారము దినమునకు నూరు రూపాయల పరిహారము రావలెను. నిజమైన పద్దును తుడిచి వేయించెదనని మూడు వేలు అడుగు దళారికి ఆ శక్తి లేదు. ఆ కుటుంబము అట్టివానికి డబ్బు ఇవ్వబోయి ఆగినదని విని మేము సంతోషించినాము.

పరపతి మరల పెరుగుటకు చిన్న అప్పు తీసికొని వేళకు తీర్చుటయే దారి. పదిచోట్ల దరఖాస్తు పెట్టరాదు. ప్రతి విచారణయు పుస్తకమున పడును. డిపాజిట్టు పూచీపై బ్యాంకులు ఇచ్చు క్రెడిట్ కార్డు ఒక ఉపాయము. పరిమితిలో మూడవ వంతు లోపల వాడి, బిల్లు మొత్తము గడువులోపల కట్టవలెను. కొంత కట్టి మిగిల్చినచో వడ్డీ చాల ప్రియము. మహిళా సంఘపు అప్పు మరింత చౌక; అయితే అది సభ్యురాలి పేర పుస్తకమునకు ఎక్కుచున్నదో లేదో అడుగుట మంచిది. వారపు వాయిదాల అప్పులందు మాత్రము జాగ్రత్త వలయును. కుటుంబపు వాయిదాలన్నియు ఆదాయములో సగము మించరాదని 2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మ ఋణములకు నియమము పెట్టినది. 2010 నాటి సూక్ష్మ ఋణ సంక్షోభమును చూచిన పాలమూరు స్త్రీలకు ఆ సంగతి మేము చెప్పనక్కరలేదు.

ఇవి పండుటకు నెలలు పట్టును, కళాశాల ఆగదు. అందుచేత మొదటి ఏటి ఫీజు తల్లి సంఘపు అప్పుతో కట్టినది. తండ్రి బండి బాకీ మిగులు తీర్చి తెచ్చిన పత్రమును బియ్యపు డబ్బాపై పెట్టెలో నుండి తీసి మాకు చూపినారు. రెండవ ఏటికి మరల బ్యాంకునకు పోవుదురట. గోడ క్యాలెండరులో ప్రతి నెల అయిదవ తేదీ చుట్టును ఆ బాలికయే ఎఱ్ఱసిరాతో గీత గీసియుంచినది.