కొనేవానికీ పేరుండాలి

కొత్తగా వ్యాపారం ఆరంభించినవాడు తన సరుకు కొనేవారి మనస్సు గెలవడానికి ఎంతో శ్రమపడతాడు. తనకు సరుకు ఇచ్చేవారి మనస్సు కూడా గెలవవలసి ఉన్నదన్న సంగతి అతనికి సాధారణంగా స్ఫురించదు. డబ్బిచ్చి కొంటున్నాను గదా, కాదనేదెవరని ధీమా. కాని చిన్న ఆర్డరుతో, ఎవరూ ఎరుగని పేరుతో వచ్చినవానికి చేతినిండా పని ఉన్న కార్మికుడు తన సమయం ఎందుకివ్వాలి? నేడు స్టార్టప్‌లని పిలుస్తున్న అంకుర సంస్థలు చాలావాటికి మొదట ఎదురయ్యే చిక్కు ఇదే.

దీనికి సమాధానం మన కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల వృత్తులలోనే లభిస్తుంది. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగర్ వెండి తీగపనిని చూడండి. తీగ తీయడానికి ముందే వెండి కొనాలి. కొన్నవాడు సొమ్ము ఆలస్యం చేస్తే, ఆ జాప్యానికి వడ్డీ కట్టేది పనివాడే. కనుక ఆర్డరుతోబాటే వెండి ఖరీదు బయానాగా ఇచ్చే చిన్న సంస్థ, నెలల తరబడి తిప్పించుకొనే పెద్ద సంస్థకన్న అతనికి మేలు.

నిర్మల్ బొమ్మలకు కావలసినది వ్యవధి. పొనికి కర్ర తేమ ఆరాలి, చెక్కిన భాగాలను చింతగింజల జిగురుతో అతికించాలి, ఆపైన రంగులు. పండుగ ముందు పరుగెత్తుకొచ్చి తొందరపెట్టేవాడు కళాకారునికి భారం. నెలల ముందే లెక్క, కొలత, నమూనా వ్రాసి ఇచ్చి, నడుమ మార్చనివాడు ఆప్తుడు.

సిరిసిల్ల మరమగ్గాలది మరొక పాఠం. 2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరల నేత అప్పగించినప్పుడు అక్కడ ఊపిరి సలపని పని దొరికింది. అటువంటి వేళ చిన్నవాడు వెళ్ళి ధర తగ్గించుమంటే వినేవారుండరు. పని సన్నగిల్లిన నెలలలో కొద్దిపాటి నేతనైనా క్రమం తప్పక ఇచ్చినచో యజమాని, ఆసామి, కార్మికుడు ముగ్గురూ అతనిని గుర్తుంచుకుంటారు.

2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు చెల్లింపు గడువు, వ్రాతపూర్వక ఒప్పందమున్నా, 45 రోజులకు మించరాదు. మించితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. ఆ గడువు వరకు ఆగనక్కరలేదు. చెప్పిన రోజున చెల్లించాలి. చెల్లించలేని పరిస్థితి వస్తే ఆ సంగతి ముందుగా తెలియజేయాలి. కొత్త సంస్థకు పెట్టుబడి తక్కువ కావచ్చును. మాట నిలుపుకొనడానికి మాత్రం పెద్ద పెట్టుబడి అవసరం లేదు.