నేల నీరు త్రాగుచున్నదా?

(మెట్టరైతుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఏ గ్రామమునకు వెళ్ళినను, వాన ఎంత కురిసినదను మాటయే వినుచున్నాము. కురిసిన దానిలో మన నేల ఎంత త్రాగినదని అడుగువారు అరుదు. అనంతపురము వంటి జిల్లాలో ఏడాది వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఎకరముపై 25 మిల్లీమీటర్ల వాన పడినచో అది లక్ష లీటర్ల నీరు. అది వాగు పాలైనచో, తరువాతి బెట్టలో వేరుసెనగను కాపాడునది ఏది?

కప్పులేని ఎర్రనేలపై పడిన చినుకు మట్టి కణికలను చితుకగొట్టును. ఆ సన్నని రేణువులు నేల రంధ్రములను మూసి, ఎండిన పిదప పెంకు కట్టును. తరువాతి వాన లోనికి పోజాలక, పైమన్నును గూడ కొనిపోవును.

నేల స్థితిని మీరే పరీక్షింపవచ్చును. 15 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు గల రేకు డబ్బాకు మూత, అడుగు తీసివేసి, నేలలో సగము వరకు దిగగొట్టుడు. మన్ను చెదరకుండ లోపల ప్లాస్టిక్ కాగితము పరచి, 440 మిల్లీలీటర్ల నీరు పోసి, కాగితమును మెల్లగా తీయుడు. ఇది 25 మిల్లీమీటర్ల వానతో సమానము. నీరు ఇంకుటకు పట్టిన కాలమును వ్రాసికొని, మరల అంతే నీరు పోయుడు. పొడినేల మొదటి నీటిని త్వరగా పీల్చును గనుక, రెండవ లెక్కయే నమ్మదగినది.

ఈ పరీక్షను చేనిలోను, చేని అంచున దున్నని గడ్డినేలలోను ఒకే దినమున చేయుడు. రెండును ఒకే మన్ను. గడ్డినేల త్వరగా త్రాగి, చేను ఆలస్యము చేసినచో, ఆ భేదము మన సేద్యము వలన కలిగినదే. మన వలన పోయినది మన వలననే తిరిగి రావలెను.

ఒక హెచ్చరిక. ఇసుకనేల వేగముగా త్రాగినను నీటిని నిలుపజాలదు. బీటలు వారిన నల్లరేగడిలో నీరు బీటలలోనికి జారును. అది ఆరోగ్యలక్షణము కాదు. దమ్ము చేసిన వరిమడికి ఈ పరీక్ష వర్తింపదు. కనుక పొరుగు చేనితో పోల్చక, మీ చేనినే ఏటేట ఒకే కాలమున పరీక్షింపుడు.

పశువుల ఎరువు, పచ్చిరొట్ట వేయుడు. పంట మోళ్ళను, చెత్తను తగులబెట్టక నేలకు కప్పుగా నుంచుడు. వాలునకు అడ్డముగా దున్నుడు. తడినేలపై ట్రాక్టరు నడుపకుడు. వేళ్ళు, వానపాములు చేసిన దారులే నీటికి ద్వారములు.

మేము కోరునది ఒక్కటే. ఈ ఏటి నిమిషముల లెక్కను వ్రాసి దాచుకొని, వచ్చే ఏటి లెక్కతో సరిచూచుకొనుడు. ఆ నిమిషములు తగ్గిన కొలది మీ చేను కోలుకొనుచున్నదని తెలిసికొనవచ్చును.