వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలు
(వార్డు సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొళాయి దరఖాస్తులోనూ, కరెంటు తీగ చుట్టపైనా మనకు ఎదురయ్యే అంకెలు ఒక్క జాతివి కావు. గొట్టాన్ని వ్యాసంతో చెబుతారు. తీగను వైశాల్యంతో చెబుతారు. ఈ భేదం తెలియకపోతే డబ్బు వృథా కావడమే కాదు, ఇంటికి నిప్పంటుకునే ప్రమాదమూ ఉన్నది.

అనువాదం నా వృత్తి కనుక ముందు మాటల సంగతి చెబుతాను. కన్నడ పత్రాలలో వైశాల్యాన్ని ‘విస్తీర్ణ’ అంటారు. తెలుగులో విస్తీర్ణమనగానే పొలమో, ఇంటిస్థలమో స్ఫురిస్తుంది. గొట్టాన్ని అడ్డంగా కోస్తే కనబడే గుండ్రని ముఖం అడ్డుకోత. ఆ ముఖం ఆక్రమించే చోటు అడ్డుకోత వైశాల్యం.

దానిని కట్టే విధానం సులభం. వ్యాసాన్ని వ్యాసంతోనే గుణించి, వచ్చిన దానిని 0.7854తో గుణించాలి. 3.1416లో నాలుగో వంతు ఆ సంఖ్య. పరిధిలో సగాన్ని వ్యాసంలో సగంతో గుణిస్తే వృత్త వైశాల్యం వస్తుందని ఆర్యభటుడు ఏనాడో చెప్పాడు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన ‘గణితసార సంగ్రహా’న్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. కొలతలను జనుల భాషలో చెప్పడం మనకు కొత్త కాదు.

ఇక గొట్టాల విషయం. లోపలి వ్యాసం అర అంగుళం, అంటే 12.7 మి.మీ. ఉంటే వైశాల్యం సుమారు 127 చదరపు మి.మీ. అంగుళమైతే 507. రెండు అర అంగుళపు గొట్టాలు కలిసి ఒక అంగుళపు గొట్టానికి సాటి అని పలువురు భావిస్తారు. నిజానికి అవి దానిలో సగమే. నాలుగు కలిపినా వైశాల్యం సరిపోతుందే గాని నీరు అంత రాదు. నాలుగింటిలోనూ నీటికి గోడల ఒరిపిడి ఎక్కువ. ఉమ్మడి కనెక్షనుకు ఖర్చు పంచుకునే ఇళ్లవారు ఈ లెక్కను ముందే చూసుకుంటే తగవులు తగ్గుతాయి.

నీరు నడిచేది లోపలి వ్యాసంలో. వెలుపల 25 మి.మీ. ఉండి, గోడ మందం 2 మి.మీ. అయితే లోపల మిగిలేది 21. వైశాల్యం 491 కాదు, 346. అలాగే లోపల 15 మి.మీ. ఉన్న పాత ఇనుప గొట్టంలో చుట్టూ 2 మి.మీ. తుప్పు, గార పేరుకుంటే దారి 11 మి.మీ.కు కుదించుకుపోతుంది. 177 ఉండవలసిన వైశాల్యం 95 అవుతుంది. నీరు సన్నగా వస్తే సరఫరాను నిందించే ముందు ఒకసారి మన గొట్టాన్నీ పరీక్షించుకోవాలి.

తీగకు వద్దాం. 2.5 చదరపు మి.మీ. అంటే వ్యాసం 2.5 మి.మీ. కాదు. ఒంటి తీగ అయితే దాని వ్యాసం 1.8 మి.మీ. లోపే. పోగుల తీగ అయితే ఒక పోగు వైశాల్యాన్ని పోగుల సంఖ్యతో గుణించాలి: 0.3 మి.మీ. పోగులు 36 ఉంటే సుమారు 2.54. పైతొడుగు లావు చూసి మోసపోరాదు. లెక్కకు వచ్చేది లోపలి రాగి మాత్రమే.

15 ఆంపియర్లు లాగే గీజరుకు 20 మీటర్ల దూరం నుండి తీగ లాగారనుకోండి. రానుపోను 40 మీటర్ల రాగి. తీగ 1 చదరపు మి.మీ. అయితే దానిలో సుమారు 155 వాట్లు వేడిగా మారతాయి, 2.5 అయితే 62 వాట్లు. ఆ వేడి పుట్టేది గోడలోపల, మన కంటికి కనబడని చోట.

ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని తీగను రెండు పేటలుగా మెలిపెట్టే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. దానితో వైశాల్యం రెట్టింపవుతుంది. కరగవలసిన ఫ్యూజు కరగదు. దానికి బదులు గోడలోని తీగ కాలుతుంది. దయచేసి ఆ అలవాటు మానండి.

గొట్టం కొనేటప్పుడు లోపలి వ్యాసం ఎంతని అడగండి. తీగ కొనేటప్పుడు ఎన్ని చదరపు మి.మీ. అని అడిగి, ఆ అంకెను బిల్లులో రాయించుకోండి. ఏ పరికరానికి ఎంత తీగ కావాలో లైసెన్సు గల ఎలక్ట్రీషియనే నిర్ణయించాలి. ఆయన చెప్పిన అంకెకు అర్థం మాత్రం మనకు తెలిసి ఉండాలి.